కడగకూడని తుప్పు

పోయిన నెలలో తిరుపతిలో ఒక స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్లాను. కొత్త అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నాయన ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాడట. పప్పన్నం కలుపుకుంటూ, ఎదుటి వరసకు కూడా వినబడేలా చెప్పాడు.

"ఈడ ముందు బొమ్మకార్ల సారు మిద్దె ఉండేది సార్. పెద్ద ఉద్యోగం చేసినోడే. రిటైరైనాక మతి సెడింది. పొద్దస్తమానం పిల్లోళ్లు ఆడుకునే ఇనప కార్లు ముందరేసుకుని కడుక్కుంటా కూర్చునేవాడు. ఆఖర్లో సొంత ఊరికి పోయి, తప్పు నాది, తప్పు నాది అని కనపడినోళ్లకంతా చెప్పుకుంటా తిరిగినాడంట."

ఎదుటి వరసలో ఒకరిద్దరు నవ్వారు. ఇంకెవరో "పాపం" అన్నారు. నేను తలెత్తలేదు.

'బొమ్మకార్ల సారు' అనే పేరు ఆయనకు పెట్టింది నేను. అప్పట్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతూ, ఆయన ఇంటి పైభాగంలో అద్దెకుండేవాణ్ని. స్టాఫ్ రూములో నలుగురిని నవ్వించడానికి పెట్టిన పేరు అది. వీధిలోకి ఎట్లా పాకిందో తెలియదు. ఇల్లు పడగొట్టారు, పేరు మాత్రం నిలబడింది. ఆయనకు మతి చెడలేదు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసీ ఇన్నేళ్లు ఊరుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన రెవెన్యూలో ఆర్.ఐ.గా చేసి రిటైరయ్యారు. సన్నటి పొడుగాటి మనిషి. నిలబడితే ఒక పక్కకు కొంచెం వంగేవారు, ఎవరి పొలం గట్టు మీదనో నిలబడి హద్దురాయి ఎక్కడుందో చూస్తున్నట్టు. భార్య నేను చేరకముందే పోయారు. పిల్లలు లేరు. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే, ఆ వైపు నల్లదారం కట్టి చెవికి చుట్టుకునేవారు. కొత్తది కొనలేక కాదు. ఆయన పద్ధతే అంత.

ఏ వస్తువు చేతికొచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు. కొబ్బరికాయ అంటే సరే. పోస్టులో వచ్చిన కవరు, మందుల సీసా, మా ఆవిడ పండగకు పంపిన మురుకుల డబ్బా, అన్నిటికీ అదే పరీక్ష.

"కన్ను మోసపోతాదప్పా. లోపల వదులుండాదా లేదా అనేది చెవికే తెలిసేది" అనేవారు.

నీళ్ల దగ్గర మహా కఠినం. అవి వానల్లేని ఏళ్లు. బోరులో నీళ్లు అడుగంటిపోయాయి. మోటారు స్విచ్చుకు ఒక చిన్న పెట్టె, దానికి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. మా వంటింట్లో కొళాయి కొంచెం కారితే కింద నుంచి కేక వినిపించేది.

"ఏమమ్మా, పైన చుక్క పడతా ఉండాది. నిద్ర పట్టడం లేదు నాకు."

"పట్టపగలు నిద్రేంటి ఆయనకు" అని మా ఆవిడ నా దగ్గర గొణిగేది. గొణుగుతూనే పోయి కొళాయి బిగించేది.

ఆయనకు ఇంకో మాట ఉండేది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు." పాలవాడు ఆలస్యమైనా, కరెంటు మనిషి రీడింగ్ తప్పు రాసినా, నేను అద్దె రెండు రోజులు వెనక్కి జరిపినా అదే మాట. "సర్వీసంతా పంచనామాలు రాసినోణ్ని. నా ముందర కల్పించి చెప్పబాకండప్పా" అని నవ్వేవారు. ఆ నవ్వులో చనువు తక్కువ, హెచ్చరిక ఎక్కువ. నిజం చెప్పాలంటే ఆయనంటే నాకు మొదట్లో ఇష్టం లేదు. మిద్దె మీద చాటుగా సిగరెట్ కాల్చేవాణ్ని, ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వింటే చెంబు నీళ్లలో ముంచేసేవాణ్ని.

ఒక ఎండాకాలం, పుత్తూరు అవతల వాళ్ల ఊళ్లో కపిలిబావి పూర్తిగా ఎండిపోయింది. ఎద్దులతో నీళ్లు తోడే రోజులనాటి పెద్ద బావి అది. ఆయనకూ, ఊళ్లో ఉండి సేద్యం చూసుకునే తమ్ముడికీ ఉమ్మడి. పూడిక తీయిస్తున్నానని తమ్ముడు కబురు పెడితే వెళ్లారు. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు చంకలో ఒక గోనెసంచి ఉంది. దానిలోంచి కారిన బురద చొక్కా మీద ఎండి అట్టలు కట్టింది. ఇంట్లోకి పోకుండా నేరుగా మిద్దె మీదికి వచ్చారు. నా చేతిలో సిగరెట్ ఉంది. దాన్ని ఆయన చూడనే లేదు.

"రొంత వెలుతురు ఉండేటప్పుడే తెరవల్ల. పట్టుకో అప్పా" అన్నారు.

సంచిలోంచి ఒక రేకు పెట్టె తీశారు. బడిపిల్లలు పుస్తకాలకు వాడేటంత పెట్టె. తుప్పు తిని అంచులు పొరలు పొరలుగా లేచిపోయాయి, నల్లటి బురద గడ్డకట్టి ఉంది. దాన్ని ఆయన చెవి దగ్గర ఆడించలేదు. స్క్రూ డ్రైవరు దూర్చి మూత పెకలించారు. లోపల బురదలో కూరుకుపోయిన చిన్న చిన్న ముద్దలు. ఒకదాన్ని తీసి బొటనవేలితో తుడిస్తే చక్రం కనపడింది.

అరచేతిలో ఇమిడే బొమ్మ కార్లు. కొన్ని రేకువి, కొన్ని పోత పోసినవి. రేకువి చాలామటుకు చేతిలోనే పొడి అయిపోయాయి. పోతవి నాలుగైదు నిలిచాయి, వాటి ఒంటినిండా తెల్లగా, పొక్కుల్లాగా ఏదో పొంగింది. ఇరుసులు మాత్రం ఇనుపవి. ఎర్రగా తుప్పెక్కి చక్రాలతో కలిసి ఒకటే ముద్ద అయ్యాయి.

"బావిలో దొరికిందా సార్?"

"మట్టిలో తగిలింది. బయటూరి కూలోళ్లు పాత సామాను అనుకుని గట్టు మీద పారేసినారు. ఎవరూ మూత తీయలేదు." మూత కింద పెట్టి, "ఇవి ఒకరికి ఇయ్యల్ల" అన్నారు.

అప్పుడు నేను అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఇట్లా తుప్పుతో ఇస్తే ఎవరైనా నవ్వుతారు సార్. శుభ్రంగా కడిగి ఇవ్వండి."

ఆయన నా వైపు చూశారు. "కడిగితే వస్తాయంటావా?"

"మన పూజ సామాన్లు రావడం లేదా? చింతపండులో నానబెడితే సరి."

ఇంట్లో రాగిచెంబులూ ఇత్తడి కుందులూ శుక్రవారం శుక్రవారం తోమే ఇళ్లలో పెరిగినవాళ్లం. లోహం అంటే చింతపండే అనుకున్నాము, ఆయనా నేనూ. మా ఆవిడ పాత చింతపండు ఇచ్చింది. పోత కారొకటి పులుసులో వేసి పెట్టాము. మర్నాడు తీస్తే పైన మిగిలిన కాస్త రంగూ ఊడిపోయింది. ఒళ్లంతా నల్లబడి, పురుగు తొలిచినట్టు గుంటలు పడ్డాయి. ఆయన దాన్ని గుడ్డమీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"ఇత్తడి కాదప్పా ఇది. ఏందో మెత్తటి లోహం. పులుపు తినేసింది."

అక్కడినుంచి పని ఆయన సొంతం అయింది. ఎవర్నీ అడగలేదు, ఏ పుస్తకమూ చూడలేదు. చెడగొట్టుకుంటూ నేర్చుకున్నారు. కార్ల అడుగున రేకును పట్టి ఉంచే మేకుతలను ఆకురాయితో నెమ్మదిగా అరగదీసి, ఇరుసులను వేరు చేసేవారు. పులుసు ఇరుసులకు మాత్రమే. పోత ఒంటికి సబ్బునీళ్లు, పాత పళ్లబ్రష్షు. తెల్లటి పొక్కుల్ని వెదురుపుల్ల చెక్కి దాని కొసతో గీకేవారు, ఇనుము తగలనిచ్చేవారు కాదు. కిరసనాయిల్లో నానబెట్టిన చక్రాన్ని గంటల తరబడి అటొక వెంట్రుకవాసి, ఇటొక వెంట్రుకవాసి తిప్పేవారు. ఆఖరున ఒక్క చుక్క కుట్టుమిషను నూనె. నూనె వేశాక చెవి దగ్గర పెట్టుకుని చక్రాన్ని ఊదేవారు. తిరిగే చప్పుడు వినబడితే కళ్లు మూసుకునేవారు.

వాడిన నీళ్లను మాత్రం పారబోయలేదు. తులసికి పోయరాదు కాబట్టి గేటు ముందర దుమ్ము లేవకుండా చల్లేవారు.

ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపారు.

"అప్పా, నీ సిగరెట్టు పెట్టెల్లో తగరపు కాగితం ఉంటాది గదా. పారెయ్యబాక, నాకియ్యి."

నా మొహం ఎట్లా అయిందో, ఆయన మాత్రం మామూలుగానే చెప్పారు. "తడిపి రుద్దితే ముందర బంపరు మీద తుప్పు దిగుతా ఉండాది. ఖాళీ సిగరెట్టు పెట్టెలోది రుద్ది చూసినాను. నువ్వు మిద్దె మీద మరిచిపోయిందే."

ఆ రోజు నుంచి నేను ఆయన ముందరే కాల్చేవాణ్ని. కాగితం తీసి ఇచ్చేవాణ్ని. చెంబు పక్కన పెట్టేశాను.

మా ఆవిడ ఒకసారి గోళ్లరంగు సీసా తీసుకుపోయింది. ఎర్రకారు ఒకటి, పైకప్పు మీద రంగు పూర్తిగా పోయి లోహం కనబడుతూ ఉంది. "కాస్త పూస్తాను సార్, కొత్తదానిలాగా ఉంటుంది" అంది.

"వద్దమ్మా" అన్నారు. గొంతు అంత మెత్తగా వినడం అదే మొదలు. "అది తుప్పు కాదు. మేము ఆడతా ఆడతా వేళ్లతో అరగదీసింది. తుప్పొకటి పోతే చాలు."

మేము అంటే ఎవరని ఆమె అడగలేదు. నేను అడిగాను, ఆమె దిగిపోయాక. ఆయన ఆకురాయి పక్కన పెట్టి, పంచనామా రాయిస్తున్నట్టు, తడబడకుండా చెప్పారు.

"మా నాయన మద్రాసు నుంచి తెచ్చినాడు వీటిని. మా బండి తోలే ఆయన కొడుకు మునిసామి, నా ఈడోడు. వాడూ నేనూ బావిగట్టు మీద ఆడుకునేవాళ్లం. సెలవులకు మా మేనత్త కొడుకు వస్తా ఉండాడని తెలిసింది. వాడు వస్తే దేన్నీ మిగలనీడు. పెట్టెను బావి లోపల, పావురాలు గూడు పెట్టుకునే బొక్కలో దాచినాను. మర్నాడు చూస్తే లేదు. నీళ్లల్లో పడిపోయింది."

"ఇంట్లో చెప్పలేదా?"

"మా నాయనంటే భయం. తెలీదన్నాను. మునిసామి ఎత్తుకోని పోయుంటాడని మా యమ్మ అనింది. మా నాయన వాణ్ని రెక్క పట్టి ఈడ్చి అరుగు మీద నుంచి తోసినాడు. మోచెయ్యి ఇరిగింది. పుత్తూరుకు తీసుకోనిపోయి కట్టు కట్టించిందీ మా నాయనే. ఆ బండిలో నేనూ కూర్చోనుండాను. వాడు పక్కనే. అప్పుడన్నా చెప్పలేదు."

కట్టు విప్పకముందే మునిసామి తండ్రి కుటుంబాన్ని తీసుకుని సూళ్లూరుపేట వైపు వెళ్లిపోయాడట. చూసుకునేవాళ్లు లేక చెయ్యి వంకరగా అతుక్కుంది. అంతటితో పోలేదు. ఊళ్లో మిగిలిన మునిసామి చిన్నాన్న ఇంటివాళ్లను 'పెట్టె దొంగలు' అన్నారు. అనగా అనగా అది 'పెట్టోళ్లు' అయింది.

"ఇప్పుడు వాళ్ల మనవళ్లను గూడా పెట్టోళ్లనే అంటారు. ఆ పేరు పోగొట్టల్ల. ఇవి తీసుకోనిపోయి మునిసామి చేతికిచ్చి, ఊర్లో నిలబెట్టి చెప్పల్ల. అది అయినాక నాకు ఏమైనా ఫర్వాలేదు" అన్నారు.

నేను తల ఊపాను. మర్నాడు స్టాఫ్ రూములో మాత్రం ఆ కథ చెప్పలేదు. "మా బొమ్మకార్ల సారు ఈ రోజు ఎర్రకారుకు తలంటి పోశారు" అని చెప్పాను. బాగా నవ్వారు.

రేకు పెట్టె మెట్ల కింద పడి ఉండేది, చిల్లులు పడి, తుప్పు రాలుస్తూ. ఒక ఉదయం పాత ఇనుము బండి వచ్చింది. మా విరిగిన బక్కెట్టుతో పాటు దాన్నీ వేసి ఎర్రగడ్డలు తీసుకున్నాను. ఆయనకు తర్వాత చెప్తే, "చిల్లుల రేకే గదా, పోనీ" అన్నారు. అప్పటికి ఆయన కళ్లల్లో కార్లు తప్ప ఇంకేమీ లేవు.

పని పూర్తయ్యాక, మునిసామి ఇల్లు ఎక్కడో వాకబు చేసి, సూళ్లూరుపేట పోదాం రమ్మన్నారు. ఉతికిన తెల్ల తువ్వాలులో కార్లు చుట్టుకున్నారు. బస్సులో దారి పొడుగునా ఆ మూట ఒళ్లోంచి దించలేదు.

మునిసామి ఇల్లు రైలుకట్ట దగ్గర. ఏదో ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేసి మానేసి, కూతురి దగ్గర ఉంటున్నాడు. గోడ మీద సిలువ, కింద మడతమంచం. మమ్మల్ని చూసి లేచాడు. కుడి మోచెయ్యి చాపినా సగమే తెరుచుకుంటుంది.

"ఎవరు సార్?" అన్నాడు. ఆయన పేరు చెప్పి, తండ్రి పేరు చెప్పి, మంచం మీద తువ్వాలు విప్పారు.

మునిసామి చాలాసేపు చూశాడు. ఎర్రకారును తీసి, వంకర చేతిని ఒంటికి ఆనించుకుని, దగ్గరగా పెట్టుకున్నాడు.

"యాడ దొరికినాయి?"

"బావిలో. పూడికలో."

"నువ్వే పెట్టినావు గదా."

"నేనే."

"నాకు అప్పుడే తెలుసు" అన్నాడు మునిసామి. "బండిలో నువ్వు నా దిక్కు చూడకుండా కూర్చుంటివి. మా నాయనకు చెప్తే, నోరుమూసుకో, ఎవరు నమ్మతారు అన్నాడు."

ఆయన చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. కూర్చోమని మునిసామి అనలేదు. అన్నా కూర్చునేవారు కాదేమో.

"పెట్టె యాడ?" అన్నాడు మునిసామి.

ఆయన నా వైపు చూశారు. నేను చెప్పాను, పాత ఇనుము బండికి వేసేశానని.

మునిసామి కారును తిరగేశాడు, చక్రం తిప్పాడు. అది ఆగకుండా తిరిగింది. "శానా బాగా కడిగినారు" అన్నాడు మా ఇద్దర్నీ చూసి. కోపం లేదు గొంతులో. "ఇంత బాగా కడిగితే, ఇవి బావిలోవని ఎవరు నమ్మతారు సార్? అంగట్లో కొనుక్కోనొచ్చినారంటారు. ఆ పెట్టె, ఆ తుప్పు, ఆ బురద అట్లనే తెచ్చింటే, నెత్తిన పెట్టుకోని ఊరంతా తిరిగుంటాను. నాకైతే ఈడ ఏం తక్కువ లేదు. మా చిన్నాయన మనవళ్లే ఆడ పడతా ఉండేది." కార్లన్నీ తువ్వాల్లో పెట్టి ముడి వేసి ఆయనకు తిరిగిచ్చాడు. "నువ్వే పోయి చెప్పు. నీ మాటకు ఊర్లో విలువ ఉంటాది."

కూతురు కాఫీ తెచ్చింది. తాగి వచ్చేశాము.

తిరుగు బస్సు నాయుడుపేట దాటింది. ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నారు.

"గట్టు దున్నేసి, ఆమీట కొలతకు పిలిచేవాళ్లు కొందరు. హద్దు యాడుండిందో ఎట్ల తెలిసేదిరా అని తిట్టేవాణ్ని. ఇప్పుడు నేనే దున్నేసినాను."

నేను చెప్పిన సలహా అని ఆయన అనలేదు. పెట్టె నేను వేసేశానని కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆ వారంలోనే మొదటి బస్సుకు ఊరికి వెళ్లాము. పొద్దున పాలకేంద్రం దగ్గర ఊరంతా ఉంటుంది. క్యాన్లు, చెంబులు పట్టుకుని వరసలో ఉన్నారు. ఆయన నేరుగా పోయి, పాలు పరీక్ష చేసే బల్ల మీద తువ్వాలు విప్పారు.

"అందరూ ఒక్క మాట వినండప్పా. మునిసామి పెట్టె ఎత్తుకోలేదు. బావిలో దాచింది నేను. పడిపోతే చెప్పకుండా ఉండిందీ నేనే. పూడికలో దొరికింది. ఇకమీదట ఎవరూ ఆ ఇంటోళ్లను పెట్టోళ్లని అనొద్దు."

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక కుర్రాడు అడిగాడు. "ఏ పెట్టె తాతా?"

"పెట్టోళ్లంటే వాళ్ల ఇంటిపేరు గదా" అన్నాడు ఇంకొకడు.

వరసలో ఒక ముసలామెకు గుర్తుంది. చెంబు కింద పెట్టి వచ్చి కారును చేతిలోకి తీసుకుంది. కొంగుతో తుడిచి చూసింది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"ఇది తళతళా మెరస్తా ఉండాది గదప్పా. బావిలో అన్నేండ్లు ఉండిందా ఇది? తిరుపతిలో కొన్యావా?"

"కడిగినాను అవ్వా."

"ఎందుకు కడిగినావు?"

ఆయన కారును వెనక్కి తీసుకున్నారు. అప్పుడే తమ్ముడు వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు, చెప్పుల్లేకుండా వచ్చాడు. అన్న భుజం మీద చెయ్యి వేసి, అందరితో, "అన్నకు ఈ మధ్య రొంత ఒంట్లో బాగలేదు. మీరు పాలు పోసుకోండి" అన్నాడు. వాళ్ల నాయన పేరు పదిమందిలో ఇట్లా పడిపోవడం అతనికి ఇష్టం లేదు. అది తప్పని కూడా అనలేను. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏం సార్, మీరు పైపోర్షన్లోనే ఉంటారు గదా. పొద్దస్తమానం ఈ బొమ్మలతోనే కూర్చోనుంటాడంట గదా?"

అందరూ నన్ను చూశారు. తిరుపతి నుంచి వచ్చినవాణ్ని, చదువు చెప్పేవాణ్ని, చొక్కా ఇస్త్రీ చేసుకున్నవాణ్ని.

"అవును" అన్నాను.

అబద్ధం కాదు. అడిగినదానికి జవాబే. కానీ ఆ ఒక్క మాటతో అక్కడున్నవాళ్ల మొహాల్లో ఏదో సర్దుకుంది. ఒకరు నిట్టూర్చారు. వరస ముందుకు కదిలింది. నేను ఇంకా మాట్లాడి ఉండవచ్చు. అన్నదమ్ముల మధ్య విషయం, మనకెందుకులే అనుకున్నాను. ఆయన తువ్వాలు ముడి వేసుకుంటూ నన్ను ఒక్కసారి చూశారు.

తర్వాత నన్ను రమ్మని పిలవలేదు. ఒక్కరే పోయేవారు. పాలకేంద్రం దగ్గర, బస్సు దిగేచోట, టీ అంగడి ముందర, ఎవరు ఆగితే వాళ్లకు చెప్పేవారట. ఎన్నిసార్లు చెప్తే అంతగా పిచ్చి ముదిరిందనుకున్నారు. ఊరికి రావద్దని తమ్ముడు ఏడ్చి బతిమాలాడని కూడా విన్నాను. అయినా పోయేవారు. పట్టు వదలని మనిషి. ఒక ఆరునెలల్లో జ్వరం వచ్చి, చిక్కిపోయి, ఆసుపత్రిలో పోయారు.

కర్మ ఊళ్లోనే జరిగింది. వెళ్లాను. పందిరి చివర, వెనక వరసలో మునిసామి కూర్చుని ఉన్నాడు. వంకర చేత్తో విస్తరి సర్దుకుంటున్నాడు. వడ్డించే కుర్రాడు ఎవరా ఆయన అని అడిగితే, "పెట్టోళ్లాయన. సూళ్లూరుపేటలో ఉంటాడు" అని నా వెనక ఎవరో చెప్పారు. మునిసామికి వినపడింది. నాకూ వినపడింది. అతను తలవంచుకుని తిన్నాడు, నేనూ తిన్నాను.

ఆయన సామాన్లు ఎవరు సర్దారో, కార్లు ఏమయ్యాయో తెలియదు. అవి ఉన్నా వాటిని చూసి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. మూత తీసినప్పుడు ఆ తుప్పును చూసింది ఇద్దరమే, ఆయనా నేనూ. ఆ రోజు పాలకేంద్రం దగ్గర తమ్ముడు అడిగినదానికి నేను ఇవ్వవలసిన జవాబు ఇది. ఇంత ఆలస్యంగా ఇస్తున్నాను.

అవునండీ, పొద్దస్తమానం వాటితోనే కూర్చుంటారు. మీ బావిలోంచి తెచ్చిన రోజు సాయంత్రం ఆ పెట్టె మూత తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. బురదలోంచి కార్లు ఒక్కొక్కటే తీయడం నా కళ్లతో చూశాను. కడగమని చెప్పింది నేను. పెట్టె పారేసింది నేను. మీ అన్నగారికి మతి బాగానే ఉంది. మునిసామి ఏమీ ఎత్తుకోలేదు.